వగరు

సరుకు అబద్ధం చెప్పదని దైవాశీర్వాదం నమ్మకం. చెబితే అమ్మేవాడు చెప్పాలి, లేదంటే కొనేవాడు తనకి తానే చెప్పుకోవాలి. గుంటూరులో పొగాకు కంపెనీకి ఆకు కొనే రోజుల్లోనూ అంతే. రైతు చెప్పేది పక్కన పెట్టి, కట్టలోంచి ఒక ఆకు లాగి, ఈనె విరిచి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. మిగతాది ఆకే చెప్పేది.

అందుకే, ఎనభై నాలుగు నవంబర్లో ఒక గురువారం మధ్యాహ్నం, కాలిఫోర్నియా డబ్లిన్‌లో తను పనిచేసే వైన్ షాపులో ముగ్గురు మనుషులు ఒకే సీసా మీద ఒకేసారి మొహం చిట్లించినప్పుడు, తప్పు సీసాది కాదేమో అని అతనికి తోచింది.

సీసా స్పెయిన్ నుంచి వచ్చింది. ఎర్ర వైన్, డెబ్బై ఎనిమిదో సంవత్సరం పంట. పేరు రాసేది ఒకలా, పలికేది ఒకలా. షాపు యజమాని రాల్ఫ్ "రియోజా" అంటాడు. దిగుమతి కంపెనీ నుంచి వచ్చిన ఆవిడ "రియోహా" అని దిద్దుతుంది. ఎండాకాలం ముందు రాల్ఫ్ ఆ సరుకు నలభై పెట్టెలు దించుకున్నాడు. దాదాపు అన్నీ ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయని దైవాశీర్వాదానికి ఎవరూ చెప్పక్కర్లేదు. వేడి తగలని మూలకి వాటిని రెండుసార్లు మోసింది అతనే.

కౌంటర్ మీద మొక్కజొన్న చిప్స్, పక్కన గిన్నెలో ఎర్రటి టమాటా పచ్చడి, సాల్సా. స్పెయిన్ అంటే స్పానిష్, స్పానిష్ అంటే మెక్సికన్ అని రాల్ఫ్ లెక్క. సేల్స్‌మన్ గ్రెగ్ చిప్ ముంచి తిని, వైన్ ఒక గుక్క తీసుకుని, మంచినీళ్ల కోసం చెయ్యి చాపాడు.

"నాలిక మీద గరుకు కాగితం రుద్దినట్టుంది," అన్నాడు.

"డ్రైగా ఉందంతే," అన్నాడు రాల్ఫ్.

"డ్రై అంటే తీపి లేదని అర్థం. ఇది తీపి సంగతి కాదు."

"టానిన్," అంది దిగుమతి కంపెనీ ఆవిడ.

"అది లోపలుండే పదార్థం పేరు మేడమ్. నోట్లో ఎలా ఉందో కస్టమర్‌కి ఒక్క మాటలో చెప్పాలంటే ఏం చెప్పను?"

గ్లాసులు తుడుస్తున్న దైవాశీర్వాదం తలెత్తలేదు. ఆ ఒక్క మాట అతని దగ్గరుంది. లేత అరటికాయ కొరికితే, పచ్చి వక్క నమిలితే, నేరేడు పండు గింజ దాకా చప్పరిస్తే బుగ్గలు లోపలికి లాక్కుపోయే ఆ సంగతికి వాళ్ల వైపు పలకా బలపం పట్టని పిల్లలకి కూడా మాట తెలుసు. వగరు. కానీ ఈ గదిలో ఆ మాట ఎవరికీ అర్థం కాదు. ఆ మాట అర్థమయ్యేవాళ్ల దగ్గర, అది దేని వగరో చెప్పడానికి లేదు.

వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కారు దాకా వెళ్లగానే అతను సీసా గోడౌన్‌లోకి పట్టుకెళ్లాడు. అడుగున రెండు వేళ్లెత్తు మిగిలింది. గ్లాసులో వంచి, తిప్పి, ముక్కు పెట్టాడు. మొదట కొబ్బరి చిప్ప. అది పీపా చెక్క వాసన. దాని వెనక సన్నగా ఇంకోటి. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మూడో రోజు, ఆకు పచ్చదనం పోయి బంగారం తిరిగే వేళ, తలుపు సందులోంచి వచ్చే వాసన. అతను గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, రెండు బుగ్గలకీ తిప్పి, బకెట్‌లో ఉమ్మేశాడు. గొంతు దాటనివ్వలేదు.

అది భార్య దేవకుమారికి ఇచ్చిన మాట. మూడేళ్ల కిందట ఈ పనిలో చేరేటప్పుడు ఆమె ఒక్కటే అంది. "పెట్టెలు మోయండి, కాదనను. ఒక్క చుక్క గొంతు దిగిందని తెలిస్తే మాత్రం నేను చర్చిలో తలెత్తుకోలేను." ఆమె గొంతు అంది, నోరు అనలేదు. ఆ సందులోనే అతను మూడేళ్లుగా నెట్టుకొస్తున్నాడు.

రాల్ఫ్ తిరిగొచ్చి తలుపు దగ్గర ఆగాడు. "నువ్వేమంటావ్ డేవ్?"

షాపులో అతను డేవ్. దైవాశీర్వాదం అన్న పేరులో వాళ్ల నోటికి అందింది అంతే.

"వైన్ తప్పు లేదు. సాల్సాలో మిరపకాయ దాన్ని రేపుతోంది. దీని పక్కన కారం ఉండకూడదు. కొవ్వున్న మేక మాంసమో, గొర్రె మాంసమో ఉండాలి. కొవ్వు నోటికి పూత పూస్తుంది. అప్పుడు ఈ గరుకు మెత్తబడుతుంది."

రాల్ఫ్ వెనకే వచ్చిన గ్రెగ్ జేబులోంచి పెన్ను తీసి అట్టముక్క మీద ఏదో రాసుకున్నాడు. షాపులో సీసాల కింద అంటించే అట్టముక్కలు చాలావరకూ ఇలా పుట్టినవే. తడిసిన మట్టి అనీ, ఎండు ఖర్జూరం అనీ మాట దైవాశీర్వాదానిది. కింద సంతకం మాత్రం 'గ్రెగ్ ఎంపిక'.

"వచ్చే వారం శనివారం ఒంటిగంటకి టేస్టింగ్ పెడుతున్నాను," అన్నాడు రాల్ఫ్. "పక్కన ఏం తినాలో నువ్వు తేల్చు. కుదిరిందా, క్రిస్మస్ సీజన్ నుంచి నువ్వు ముందు గదిలో నిలబడతావు. కుదరలేదా, సరుకు వెనక్కి పంపేస్తాను. అప్పుడు గోడౌన్‌లో ఇద్దరు మనుషులకి పని ఉండదు. నీకు తెలుసుగా."

తెలుసు. ఆ ఇద్దరిలో తర్వాత వచ్చినవాడు తనే.

దేవకుమారి హాస్పిటల్లో నర్సు. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ ఎక్కుతుంది. అతను ఇంటికి వచ్చేసరికి ఆమె ఉండదు, పొద్దున అతను వెళ్లేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. వారంలో ఐదు రోజులు వాళ్లిద్దరి మాటలు ఫ్రిజ్ తలుపు మీద నడుస్తాయి. "పప్పు వేడి చేసుకోండి." "పాలు అయిపోయాయి." "జయరాజు గారు ఫోన్ చేశారు, ఆదివారం మన చాపలు తెమ్మన్నారు." అతను చదివి, కాగితం తిరగేసి, వెనక జవాబు రాస్తాడు. ఒక్కో కాగితం రెండు రోజులు వస్తుంది.

ఆ సాయంత్రం అతను రియోహా సీసా ఒకటి బ్రౌన్ కవర్లో తెచ్చి, గరాజ్‌లో పెయింట్ డబ్బాల వెనక పెట్టాడు. బట్టలు ఉతికే మెషీన్ పక్కన ప్లాస్టిక్ సింక్ ఉంది. మెషీన్ మీద న్యూస్‌పేపర్ పరిచి, ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ చిన్న గిన్నెల్లో సర్దుకున్నాడు. అతనికి అదొక పరీక్ష గది.

ఆవకాయ అన్నం ఒక ముద్ద, వైన్ ఒక గుక్క. నోరు మండి, వైన్ తుప్పు మేకులా తగిలింది. ఉమ్మేశాడు. గోంగూర పచ్చడి. ఆ పులుపు ముందు వైన్ చచ్చిపోయి రంగు నీళ్లయింది. ఉమ్మేశాడు. చేపల పులుసు. రాగి చెంబు నాకినట్టుంది. మజ్జిగతో పుక్కిలించి మళ్లీ మొదలుపెట్టాడు. ప్రతిసారీ పక్కన ఎవరో ఉన్నట్టు తల తిప్పి ఏదో అనబోయి, మెషీన్ని చూసి ఊరుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం మాంసం ఇగురు మిగిలింది. గసగసాలు, ఎండుకొబ్బరి నూరి దేవకుమారి వండే ఇగురు. దానిలోనూ కారమే అడ్డం వచ్చింది. అతను ఒక ముక్క చేత్తో పట్టుకుని ట్యాప్ కింద కడిగాడు. మసాలా అంతా సింక్‌లోకి జారిపోయింది. కొవ్వంటిన ముక్క నమిలి, గుక్క తీసుకున్నాడు.

వైన్ తలుపు తీసింది. వగరు ముందుకొచ్చి, కొవ్వుని చూసి, తగ్గి నిలబడింది. కొబ్బరికి కొబ్బరి తగిలింది. బ్యారన్ వాసన ముక్కు లోపలి నుంచి పైకి లేచింది.

"ఇదీ," అన్నాడు పైకే. గరాజ్‌లో ఆ మాట పెద్దగా వినపడింది. ఉమ్మేసి, ఇంకో ముక్క కడిగాడు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఫ్రిజ్ కాగితం మీద రాశాడు: "ఇకనుంచి మాంసంలో కారం వెయ్యకు. మిరియాలు చాలు."

శనివారం అతను పదింటికి వెళ్తే చాలు. ఎనిమిదింటికి లేచి వంటింట్లోకి వస్తే కాఫీ చల్లారిపోయి ఉంది, దేవకుమారి లేదు. గరాజ్ తలుపు తీసి ఉంది. ఆమె సింక్ ముందు నిలబడి ఉంది, ఒక చేతిలో ఫ్రిజ్ కాగితం.

సింక్ కడగడం మరిచిపోయాడు. ట్యాప్ రాత్రంతా ఒక్కో చుక్క కారి వాసన లాగేసింది. నలుపు తిరిగిన ఎరుపు మాత్రం అంచుల్లో గడ్డకట్టి, మధ్యలో నమిలిన మాంసం పీచుల్తో మిగిలింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

దొరికిపోయాననుకున్నాడు. "మొన్నా, నిన్నా. అంతే."

"నొప్పి ఉందా?"

అతనికి అర్థం కాలేదు. ఆమె తిరిగింది. మొహం వార్డులో మొహంలా ఉంది, ఏమీ కనపడనివ్వకుండా.

"కారం వద్దని రాసినప్పుడే అనుకున్నాను. మీ నాన్నగారికీ ఇలాగే కదా మొదలైంది. కడుపులో పుండు. నేను భయపడతానని గరాజ్‌లోకి వచ్చి కక్కుతున్నారా?"

పాతికేళ్ల సర్వీసులో ఆమె ఎంతో రక్తం చూసింది, వైన్ మాత్రం ఎన్నడూ చూడలేదు. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నాలుగూ నాలిక మీదికి వచ్చాయి. కానీ బేరగాడి బుర్ర కాళ్లకంటే ముందు నడుస్తుంది. జబ్బంటే జాలి, వైనంటే మాట తప్పినట్టు. ఏది చవకో అతను అక్కడికక్కడే తూచాడు. చవకగా దొరికింది తర్వాత ఎలా పిండుతుందో తెలిసినవాడే, అయినా తీసుకున్నాడు.

"పెద్దగా నొప్పేం లేదు," అన్నాడు.

ఆమె చేతులకి రబ్బరు గ్లవ్స్ వేసుకుని సింక్ తోమడం మొదలుపెట్టింది. అతను చేస్తానన్నా వినలేదు.

ఆ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేముందు ఆమె కారం లేని మాంసం వండి పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి పెద్ద గిన్నెడు, అతనొక్కడి కోసం.

తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు ఫ్రీమాంట్‌లో జయరాజు ఇంట్లో కూడుతుంది. జయరాజు ఇంజనీరు, సంఘ పెద్ద. కార్పెట్ మీద చాపలు, గోడ వారన కుర్చీలు, అంతా కలిపి పదహారు మంది. దైవాశీర్వాదం గ్రోసరీ స్టోర్లో పని చేస్తాడని వాళ్లందరికీ తెలుసు. అలా చెప్పింది దేవకుమారి.

ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆమె లేచింది. అతను చెయ్యి పట్టుకుని ఆపేలోపు చెప్పేసింది.

"బ్రదర్ ఆశీర్వాదం గారూ, ఇలా మధ్యకి రండి," అన్నాడు జయరాజు. "ఇంత బాధ దాచుకున్నారా మా దగ్గర? మేమెందుకున్నామండీ మరి?"

అతన్ని మధ్యలో కూచోబెట్టారు. తల మీద, భుజాల మీద చేతులు పడ్డాయి. ఒక చెయ్యి వెచ్చగా, ఒకటి వణుకుతూ, ఒకటి ఉల్లిపాయ వాసనతో. రక్తం కక్కుతున్న ఈ సహోదరుణ్ణి ముట్టమని జయరాజు ప్రభువుని అడిగాడు. ఆడవాళ్లు ఏడ్చారు. అన్ని చేతుల కింద దైవాశీర్వాదం కళ్లు మూసుకుని, ఈ దేశం వచ్చాక తనని ఇంతమంది ఒకేసారి ముట్టుకోవడం ఇదే మొదలని గమనించాడు. అది తనది కాని సరుకు. ఎవరికో రావలసింది తన గుమ్మంలో దింపారు.

"స్వస్థత వచ్చాక అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి సుమండీ," అన్నాడు జయరాజు, చెయ్యి తీస్తూ. "వచ్చే ఆదివారానికే చెప్తారు. నాకు నమ్మకం ఉంది."

భోజనాల దగ్గర అతనికి విడిగా మజ్జిగన్నం పెట్టారు. పెరట్లో పెర్సిమన్ చెట్టు కాసింది. జయరాజు కూతురు నవోమి ఇంకా గట్టిగా ఉన్న కాయ ఒకటి కొరికి, నోరు తెరుచుకుని లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, మై మౌత్ ఈజ్ వియర్డ్. లోపల స్వెటర్ వేసినట్టు ఉంది."

"పండకుండా ఎవరు కొరకమన్నారే," అంది దేవకుమారి. "దాన్ని వగరు అంటారు. అను చూద్దాం."

"వాగరూ."

"ఉప్పు అద్దుకుని తిను. ఉప్పు పడితే వగరు విరుగుతుంది."

ఆ మాట ఈ దేశంలో వేరే నోట వినడం అతనికి అదే మొదటిసారి. కంచంలోంచి తలెత్తి భార్య వైపు చూశాడు. ఆమె పిల్ల నాలిక మీద వేలితో ఉప్పు రాస్తోంది. లేచి వెళ్లి చెప్పాలనిపించింది, దేవీ, నాకు తెలిసిన వగర్లు ఇన్ని ఉన్నాయి, వినేవాళ్లు లేరు అని. మజ్జిగన్నం కలుపుకున్నాడు.

సోమవారం అతను డబ్బాలో మాంసం షాపుకి పట్టుకెళ్లాడు. రాల్ఫ్ ఒక ముక్క తిని, గుక్క తాగి, ఏమీ అనకుండా రెండో ముక్క తీసుకున్నాడు. అదే జవాబు.

"మా షాపులో తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ పెట్టారు. నన్ను మాంసం తెమ్మన్నారు," అని ఫ్రిజ్ కాగితం మీద రాశాడు అతను. ఇంకో అబద్ధం. మొదటిదానికి కాపలా.

"మీ ఒంట్లో బాగోకపోయినా అడిగారా? సరే, చేస్తాను," అని వెనకవైపు జవాబు.

ఆ వారమంతా ఆమె అతనికి పెట్టినవన్నీ మెత్తటివి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అతని మంచం పక్కన కాసేపు నిలబడేది. అతను నిద్ర నటించేవాడు. ఊపిరి లెక్కపెడుతోందని తెలుసు.

శనివారం పొద్దున ఆమె పెద్ద అల్యూమినియం ట్రే నిండా వేడివేడి మాంసం సర్ది, పైన ఫాయిల్ బిగించి ఇచ్చింది. ఆవిరి పోతుందని అతను మధ్యలో విప్పి చూడలేదు. షాపు గుమ్మంలోనే గ్రెగ్ అందుకున్నాడు.

దైవాశీర్వాదం ఆ రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. రాల్ఫ్ ఆ టై వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"డేవ్, ఇవాళ్టికి నువ్వు వెనకాల ఉండు. నాకేం అభ్యంతరం లేదు. కానీ జనానికి ఇండియా అంటే టీ గుర్తొస్తుంది, వైన్ కాదు. వచ్చేసారి చూద్దాం. సీసాలు తెరిచి అందిస్తూ ఉండు."

దైవాశీర్వాదం గోడౌన్‌లోకి వెళ్లాడు. పదకొండింటికే సీసాల బిరడాలు లాగి గాలి తగలనిచ్చాడు. ఒంటిగంటకి పాతికమంది దాకా వచ్చారు. గోడౌన్ తలుపుకి గుండ్రటి అద్దం ఉంది, చెయ్యంత. ఆ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. గ్రెగ్ ఎండిన పొగాకు గురించీ, కొబ్బరి చిప్ప గురించీ అనర్గళంగా చెబుతున్నాడు. ఒకాయన టూత్‌పిక్‌కి మాంసం గుచ్చుకుని తిన్నాడు, గుక్క తాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి. పక్కావిడా అంతే. తర్వాత ఇంకొకరు. గ్లాసులు సగం నిండా కౌంటర్ మీదికి తిరిగొస్తున్నాయి. రాల్ఫ్ నవ్వు బిగుసుకుంది. ఒకసారి తల తిప్పి గుండ్రటి అద్దం వైపు చూశాడు.

ఎక్కడ తప్పిందో అతనికి అంతుపట్టలేదు. సీసా అదే, పంట అదే, మాంసం అదే చేతిది. సోమవారం విరిగిన వగరు ఇవాళ ఎందుకు విరగట్లేదు? వెళ్లి ఒక ముక్క నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది. కానీ తను అవతలికి వెళ్లకూడదు.

రెండు కావస్తుండగా ముందు తలుపు గంట మోగింది. దేవకుమారి లోపలికి వచ్చింది.

ఆమె ఎప్పుడైనా అతన్ని తీసుకెళ్లడానికి వస్తే పార్కింగ్‌లోనే ఉండి హారన్ కొడుతుంది. మూడేళ్లలో గుమ్మం తొక్కలేదు. ఇవాళ తెల్ల యూనిఫాం మీద స్వెటర్ వేసుకుని, చేతిసంచీ గుండెకి హత్తుకుని, సీసాల మధ్యనుంచి ఎవరికీ తగలకుండా నడిచొస్తోంది. కౌంటర్ దగ్గర ఆగింది. ట్రే ఆమెదే. పక్కన ఉమ్మే బకెట్. అందరి కళ్ల ముందూ ఒక పెద్దమనిషి గుక్క తీసుకుని, దర్జాగా వంగి, బకెట్‌లో ఉమ్మాడు.

ఆమె ఆ బకెట్ లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

దైవాశీర్వాదం తలుపు తోసుకుని ముందు గదిలోకి వచ్చాడు. రాల్ఫ్ కనుబొమలు ముడిపడ్డాయి, అతను చూడలేదు.

"ఎక్స్‌రే వాళ్ల దగ్గర రెండున్నరకి ఖాళీ ఉందన్నారు. తీసుకెళ్దామని వచ్చాను," అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. "సింక్‌లోది ఇదా?"

"ఇదే."

"గొంతు దిగిందా?"

"లేదు. నువ్వు చెప్పిన రోజు నుంచి ఒక్క చుక్క దిగలేదు. నోట్లోనే."

"నోట్లోనే," అంది ఆమె. "అంతమంది చేతులు పెట్టించుకున్నారే నెత్తిమీద. అప్పుడు కూడా నోట్లోనే ఉంచుకున్నారు."

పక్కనున్నావిడ వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఈ మాంసం వండిందెవరని అడిగింది. రాల్ఫ్ కేటరర్ అని ఏదో అనబోయాడు.

"నా భార్య," అన్నాడు దైవాశీర్వాదం ఇంగ్లీషులో. "ఈవిడే. వైన్‌కి ఇది కుదురుతుందని చెప్పింది నేను. కానీ ఇవాళ కుదరలేదు. ఎందుకో తెలియట్లేదు." తర్వాత తెలుగులో, మెల్లిగా, "వగరు విరగట్లేదు దేవీ."

ఆమె కళ్లు అప్పుడు తడిశాయి. బకెట్ చూసినప్పుడు కాదు.

"ఎలా విరుగుతుంది? ఉప్పు వెయ్యలేదు నేను. నిన్న డాక్టర్ని అడిగితే ఎక్స్‌రే అయ్యేదాకా ఉప్పు కూడా ఆపమన్నాడు. మీరూ తింటారుగా అని, మీరు తినేటట్టే చేశాను."

అతను ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. మెత్తగా ఉడికిన మాంసం, గసగసాలు, కొబ్బరి, మిరియం. ఉప్పు లేదు. ఒక్క పలుకు లేదు. వారం కిందట గరాజ్‌లో తను చవకనుకుని తీసుకున్నది ఇంత చప్పగా ఉంటుందని అనుకోలేదు.

దేవకుమారి చేతిసంచీ తెరిచింది. హాస్పిటల్ క్యాంటీన్‌లో ఇచ్చే చిన్న ఉప్పు కాగితాలు, ఎప్పటెప్పటివో, గుప్పెడు తీసింది. పంటితో ఒక్కోటి చింపి ట్రే అంతా చల్లింది. రోగికి మందు వేసేటప్పటి జాగ్రత్తే. గరిటెతో కింది నుంచి పైకి కలిపి, ఆ అడిగినావిడ ముందుకు జరిపింది.

"నౌ," అంది.

ఆవిడ తింది. గుక్క తాగింది. ఇంకోసారి తాగింది. వెనక్కి తిరిగి తన భర్తని పిలిచింది. తిరిగొచ్చిన సగం గ్లాసులకి మనుషులు మళ్లీ వచ్చారు. గ్రెగ్ మాట్లాడటం ఆపేశాడు, ఎందుకంటే అతన్ని ఎవరూ అడగట్లేదు. మాంసంలో ఏముందో, వైన్‌కి ఎందుకు పడిందో అందరూ దైవాశీర్వాదాన్నే అడుగుతున్నారు. రాల్ఫ్ కాసేపు చూసి, బిరడాలు తీసే మర గ్రెగ్ చేతిలోంచి తీసుకుని అతని చేతిలో పెట్టాడు.

దేవకుమారి గడియారం చూసుకుంది. వెళ్లబోయి, ఆగి, ఒక గ్లాసు చేతిలోకి తీసుకుంది. "మింగక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

ఆమె ఒక గుక్క తీసుకుంది. ఆపరేషన్ అయినవాళ్లకి పుక్కిలించడం నేర్పించినట్టు బుగ్గలు రెండూ తిప్పి, వంగి, బకెట్‌లో ఉమ్మింది. రుమాలుతో పెదాలు అద్దుకుంది.

"వగరు," అంది.

ఆ ఒక్క మాటే అని తలుపు దాకా వెళ్లి, గంట మోగకుండా చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగింది. "రేపు సాక్ష్యం మీరే చెప్పాలి. నేను చెప్పను."

ఆరున్నరకి ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. గరాజ్ సింక్ తెల్లగా ఉంది. ఫ్రిజ్ మీద కాగితం లేదు. పొద్దున రాసిపెట్టేంత టైం ఆమెకి దొరికి ఉండదు, లేదా రాయడానికేం లేదేమో. అతను టై విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూచుని, రేపు చెప్పాల్సింది ఒకసారి పైకి అనుకున్నాడు.

"అది రక్తం కాదు. ద్రాక్షారసం."

విని, తనే ఆగిపోయాడు. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర జయరాజు ద్రాక్షారసం గ్లాసు ఎత్తి 'ఇది ప్రభువు రక్తం' అనే మాటకి ఇది సరిగ్గా తిరగేసి ఉంది. పైగా ద్రాక్షారసం అంటే అక్కడందరికీ గుర్తొచ్చేది పిల్లలు తాగే తియ్యటి గ్రేప్ జ్యూసే. ఆ మాట వాడితే సగం మంది నవ్వి ఊరుకుంటారు, మజ్జిగన్నం మళ్లీ పెడతారు. ఇంకోసారి చవక. చేతులు తల మీద ఎంత వెచ్చగా ఉన్నాయో గుర్తొచ్చింది. రేపటి నుంచి అవి ఉండకపోవచ్చు. వాటిని తీసుకుంది తను, తిరిగి ఇచ్చేయాల్సిందీ తనే.

"అది రక్తం కాదు," అన్నాడు మళ్లీ. "వైన్."

ఫోన్ మోగింది. ఈ వేళప్పుడు ఎప్పుడూ మోగదు.

"తిన్నారా?" అంది దేవకుమారి. వెనక క్యాంటీన్‌లో పళ్లాల చప్పుడు.

"ఇంకా లేదు."

"కుక్కర్లో అన్నం ఉంది. ఉప్పు వేసుకోండి." పెట్టేస్తుందనుకున్నాడు. "ఇందాక ఆపిల్ కోసుకున్నానండీ. తొక్క దగ్గర కొంచెం వగరు తగిలింది. మీ సీసాలోదే. రోజూ తింటాను, ఎప్పుడూ తెలియనేలేదు."

అతను రిసీవర్ రెండో చెవికి మార్చుకున్నాడు. చెప్పాల్సినవి ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తొక్క వగరు వేరు, గింజ వగరు వేరు, పీపా చెక్క నుంచి దిగే వగరు వేరు. మూడేళ్లవి. అన్నిట్నీ ఆపి ఒక్కటే అడిగాడు.

"ఇంకో ముక్క ఉందా?"

"ఉంది."

"తొక్కతో కొరుకు. మింగేముందు చెప్పు, ఎక్కడ తగుల్తోందో. బుగ్గల్లోనా, చిగుళ్ల మీదా?"

ఆపిల్ కొరికిన చప్పుడు వినిపించింది. అతను ఊపిరి బిగబట్టి ఆగాడు.

"చిగుళ్ల మీద," అంది దేవకుమారి.